ల్యాప్‌టాప్ కీబోర్డు మార్పిడి సర్వీసు: స్క్రూలుంటే కళ్ళు మూసుకుని ఇవ్వొచ్చు, రివెట్లుంటే ఆగండి

సికింద్రాబాద్ పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్, అందరూ సీటీసీ అనే చోటు, తెలుగువాళ్ళకి ల్యాప్‌టాప్ రిపేర్లకు ముందుగా గుర్తొచ్చే మార్కెట్. బెంగళూరులో ఉన్నవాళ్ళు ఎస్పీ రోడ్డుకి, చెన్నైలో ఉన్నవాళ్ళు రిచీ స్ట్రీట్‌కి వెళ్తారు. ఈ సమీక్ష వాటిలో ఏ ఒక్క షాపు గురించీ కాదు. ఇలాంటి మార్కెట్లలో కౌంటర్ దగ్గర దొరికే ‘కీబోర్డు మార్పిడి’ అనే సర్వీసు ఎలా ఉంటుంది, కంపెనీ సర్వీస్ సెంటర్‌తో పోలిస్తే ఎక్కడ మేలు, ఎక్కడ దెబ్బ తింటాం అన్నదే విషయం.

తీర్పు ముందే చెప్పేస్తాం. మీ ల్యాప్‌టాప్‌లో కీబోర్డు స్క్రూలతో బిగించి ఉంటే కౌంటర్ సర్వీసును మించింది లేదు: అరగంట పని, తక్కువ ఖర్చు, ఫలితం కొత్తదానిలా ఉంటుంది. అదే కీబోర్డు ప్లాస్టిక్ రివెట్లతో సీ ప్యానెల్‌కి, అంటే కీబోర్డు చుట్టూ ఉండే పై పలకకి, కరిగించి అతికించి ఉంటే ఇదే సర్వీసు సగం పనే అవుతుంది. ఆ రకానికి కీబోర్డు ఒక్కటే మార్పించుకోవద్దు, ప్యానెల్ మొత్తం మార్పించుకోండి. మీది ఏ రకమో తెలుసుకోకుండా ధర బేరమాడడం వల్ల ఉపయోగం లేదు.

అయితే అసలు పోయింది కీబోర్డేనా అన్నది అంతకన్నా ముందు తేల్చుకోవాలి. కౌంటర్ దాకా వచ్చే ఫిర్యాదుల్లో చాలావాటికి స్క్రూడ్రైవర్ అక్కర్లేదు.

ఇంట్లో పది నిమిషాల పరీక్ష

మొదటి పని రీస్టార్ట్. షట్‌డౌన్ చేసి మళ్ళీ ఆన్ చేస్తే చాలదు. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ అన్నది పూర్తి షట్‌డౌన్ కాదు, పాత డ్రైవర్ స్థితి అలాగే తిరిగి లోడ్ అవుతుంది. రీస్టార్ట్ నొక్కితేనే అంతా కొత్తగా మొదలవుతుంది. దానితో పోకపోతే ఆపేసి, చార్జర్ తీసి, పవర్ బటన్‌ని ముప్పై సెకన్లు నొక్కి పట్టుకుని మళ్ళీ ఆన్ చేయండి. కీబోర్డుని చదివే చిన్న కంట్రోలర్ మదర్‌బోర్డు మీద వేరేగా ఉంటుంది. అది ఎక్కడైనా ఇరుక్కుపోతే ఇలా తేరుకుంటుంది.

తర్వాత బయాస్‌లోకి, అంటే విండోస్ కన్నా ముందు తెరుచుకునే సెట్టింగ్స్ తెరలోకి, వెళ్ళండి. ల్యాప్‌టాప్ ఆన్ చేస్తూ నొక్కాల్సిన కీలివి: డెల్, ఏసర్, ఆసుస్‌లకు ఎఫ్2, హెచ్‌పీకి ఎస్కేప్ నొక్కి ఎఫ్10, థింక్‌ప్యాడ్‌కి ఎఫ్1. అక్కడ బాణం కీలు, ఎంటర్, అంకెలు సరిగ్గా పనిచేస్తూ విండోస్‌లోకి వచ్చాక మొరాయిస్తే కీబోర్డు బాగుంది, తప్పు సాఫ్ట్‌వేర్‌ది. బయాస్‌లో కూడా అదే కీ పనిచేయకపోతే అది హార్డ్‌వేరే, ఇక విండోస్ మళ్ళీ ఇన్‌స్టాల్ చేయించినా ఒరిగేదేమీ లేదు. ఈ ఒక్క పరీక్ష చేయకుండా ‘ఫార్మాట్ కొట్టిద్దాం’ అనేవాళ్ళ దగ్గర ల్యాప్‌టాప్ వదలొద్దు. హెచ్‌పీ యంత్రాల్లో ఆన్ చేస్తూ ఎస్కేప్, ఆ తర్వాత ఎఫ్2 నొక్కితే హార్డ్‌వేర్ డయాగ్నోస్టిక్స్ తెరుచుకుంటుంది. అందులో కాంపొనెంట్ టెస్టుల కింద కీబోర్డు పరీక్ష కూడా ఉంటుంది.

సాఫ్ట్‌వేర్ అని తేలితే ఎక్కువసార్లు దొరికే దొంగ ఫిల్టర్ కీస్. కుడివైపు షిఫ్ట్‌ని ఎనిమిది సెకన్లు నొక్కి పట్టుకుంటే అది ఆన్ అవుతుంది. పుస్తకమో మోచెయ్యో ఆనినా చాలు. ఆన్ అయ్యాక మామూలు వేగంతో కొట్టిన కీలన్నిటినీ విండోస్ పట్టించుకోదు, ఒక్కో కీని కాసేపు నొక్కి పట్టుకుంటేనే అక్షరం పడుతుంది. చూసేవాళ్ళకి కీబోర్డు చచ్చిపోయినట్టే ఉంటుంది. సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ, కీబోర్డు కింద దాన్ని ఆపేయాలి. షిఫ్ట్ ఐదుసార్లు కొడితే వచ్చే స్టిక్కీ కీస్ కూడా అక్కడే ఉంటుంది.

అక్షరాలు తారుమారైతే పాడైందని అనుకోకండి. చిన్న ల్యాప్‌టాప్‌లలో నమ్ లాక్ పడితే ‘జె’, ‘కె’, ‘ఎల్’ కీలకు 1, 2, 3 వస్తాయి. ‘ఎట్’ గుర్తు కొడితే డబుల్ కోట్స్ పడుతున్నాయంటే లేఅవుట్ యూకేకి మారింది, విండోస్ కీతో స్పేస్ నొక్కి వెనక్కి మార్చుకోవచ్చు. ఎఫ్2 కొడితే ఫైలు పేరు మార్చే బదులు సౌండో బ్రైట్‌నెస్సో మారుతోందంటే ఫంక్షన్ లాక్ వ్యవహారం. డెల్‌లో, థింక్‌ప్యాడ్‌లో ఎఫ్ఎన్‌తో ఎస్కేప్ నొక్కితే తిరగబడుతుంది.

ఇవేవీ కాకపోతే డివైస్ మేనేజర్‌లో కీబోర్డ్స్ కింద ఉన్న స్టాండర్డ్ పీఎస్2 కీబోర్డు మీద రైట్ క్లిక్ చేసి, అన్‌ఇన్‌స్టాల్ ఇచ్చి రీస్టార్ట్ చేయండి. విండోస్ దాన్ని తనే తిరిగి ఎక్కించుకుంటుంది. యూఎస్‌బీ కీబోర్డు పెట్టి చూసి ‘అది పనిచేస్తోంది కాబట్టి లోపలిది పోయింది’ అని తేల్చేయడం మాత్రం సరికాదు. రెండిటి దారులు వేరు. లోపలి కీబోర్డు చాలా విండోస్ ల్యాప్‌టాప్‌లలో పాత పీఎస్2 దారినే వస్తుంది. ఆ దారిలో డ్రైవర్ చెడినా యూఎస్‌బీ కీబోర్డు హాయిగా నడుస్తుంది.

ఇంకొకటి, దీన్ని తేలిగ్గా తీసుకోకండి. కీబోర్డు మధ్యభాగం పైకి ఉబ్బినట్టు, టచ్‌ప్యాడ్ క్లిక్ పడనట్టు, మూత సరిగ్గా మూసుకోనట్టు ఉంటే అది కీబోర్డు సమస్య కాదు, కింద బ్యాటరీ ఉబ్బుతోంది. చార్జింగ్ ఆపేయండి, పైనుంచి నొక్కకండి, కొత్త కీబోర్డు మాట పక్కన పెట్టి ముందు బ్యాటరీ తీయించండి.

ఏ కీలు పోయాయో చూస్తే ఏం పోయిందో తెలుస్తుంది

కీ కింద ప్లాస్టిక్ కత్తెర క్లిప్పు, దాని కింద రబ్బరు బుడిపె, దాని కింద మూడు పొరల పల్చటి ప్లాస్టిక్ షీటు ఉంటాయి. పై పొర మీద, కింది పొర మీద వెండి సిరాతో గీసిన గీతలుంటాయి. మధ్య పొరలో కీ ఉన్న ప్రతిచోటా ఒక రంధ్రం. బుడిపె నొక్కితే రెండు గీతలు ఆ రంధ్రంలోంచి కలుస్తాయి. కంట్రోలర్ ఏ అడ్డగీత ఏ నిలువుగీతతో కలిసిందో చూసి అక్షరం తేలుస్తుంది. ఈ గీతలన్నీ ఒక పల్చటి రిబ్బన్‌గా మదర్‌బోర్డు సాకెట్‌లోకి పోతాయి.

ఈ నిర్మాణం గుర్తుంటే రోగం సగం తెలిసినట్టే. ఒక్క కీ మాత్రమే పోతే చెత్తో, చిరిగిన బుడిపెనో, విరిగిన క్లిప్పో కారణం. శుభ్రం చేస్తే పోవచ్చు. ఒకదానితో ఒకటి సంబంధం లేనట్టు కనిపించే నాలుగైదు కీలు ఒకేసారి పోతే ఒక గీత తెగింది, లేదా రిబ్బన్ సాకెట్‌లో కాస్త వంకరగా ఉంది. ఒక కీ కొడితే రెండు అక్షరాలు పడుతుంటే లోపల తడి చేరి గీతలు కలుస్తున్నాయి. అన్నీ ఒక్కసారిగా, బయాస్‌లో కూడా పోతే రిబ్బన్ ఊడింది, లేకపోతే సాకెట్, కంట్రోలర్‌ల దాకా అనుమానించాలి. గీత తెగినప్పుడు ఎంత బ్లోయర్ కొట్టినా లాభం లేదు, కీబోర్డు మార్చాల్సిందే. ఆ వెండి గీతల్ని కండక్టివ్ సిరాతో అతుకుతామని ఎవరైనా అంటే నమ్మకండి. పొరలు విడదీసి మళ్ళీ అంతే గట్టిగా అతికించడం కౌంటర్ మీద అయ్యే పని కాదు.

తెలుగులో టైప్ చేసేవాళ్ళకి ఇందులో మరో సంగతుంది. ఇన్‌స్క్రిప్ట్ అనే తెలుగు కీబోర్డు లేఅవుట్‌లో పొల్లు ‘డి’ కీ మీద ఉంటుంది, షిఫ్ట్‌తో అదే కీ ‘అ’. అందుకే ఆ కీ పోతే ‘అమ్మ’ అని కొట్టినప్పుడు ‘మమ’ అని పడుతుంది. ఒత్తు రావడం లేదంటే చాలామంది ముందు ఫాంటునో యూనికోడ్‌నో అనుమానిస్తారు. ఇంగ్లిష్‌కి మార్చి ‘డి’ కొట్టి చూస్తే ఒక్క క్షణంలో తేలిపోతుంది. ఒత్తులతో నిండిన మన భాషలో ఆ కీకి పడే దెబ్బలు తక్కువ కాదు. ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు కొట్టేవాళ్ళకి అదే స్థానం ‘ఎ’ కీది, దాదాపు ప్రతి హల్లు వెనకా అది కొట్టాలి కాబట్టి.

ఒక్క కీ మొరాయిస్తే శుభ్రం చేసే పద్ధతి: ల్యాప్‌టాప్ ఆపి, నిలువుగా వంచి పట్టుకుని, డబ్బాల్లో అమ్మే ఒత్తిడి గాలిని ఎడమనుంచి కుడికి కొట్టి, పక్కలకు తిప్పి మళ్ళీ కొట్టాలి. ఆపిల్ తన బటర్‌ఫ్లై కీబోర్డులకు డెబ్బై అయిదు డిగ్రీల వంపు అని ప్రత్యేకంగా చెప్పింది. 2015లో వచ్చిన ఆ పల్చటి డిజైన్‌లో చిన్న దుమ్ము కణం కూడా కీని ఆపేసేది. చివరికి 2018 జూన్‌లో, కొన్న నాటినుంచి నాలుగేళ్ళ దాకా ఉచితంగా బాగుచేసే కార్యక్రమం ప్రకటించాల్సి వచ్చింది. ఆ కీల టోపీలు ఇంట్లో పీకే ప్రయత్నం చేయొద్దు, మిగతావాటిలో జాగ్రత్తగా పీకొచ్చు. గాలితో పోకపోతే టోపీ తీసి, 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఒక చుక్క బుడిపె అంచున వేసి, ఇరవై ముప్పై సార్లు నొక్కి, పూర్తిగా ఆరనివ్వండి. కుట్టుమిషన్ నూనె, తుప్పు వదిలించే స్ప్రే వేయకండి, అవి పొరల మధ్యకు పాకి కొత్త జబ్బు తెస్తాయి. స్పేస్, ఎంటర్, షిఫ్ట్ లాంటి పొడుగు కీల కింద సన్నటి ఇనుప తీగ ఉంటుంది. దాని కొక్కేలు ముందు తప్పించకుండా లాగితే విరుగుతాయి. విడి కీ కొనాలంటే మోడల్ ఒకటైతే చాలదు. ఒకే మోడల్‌కి వేర్వేరు తయారీదార్ల కీబోర్డులు వస్తాయి, క్లిప్పు ఆకారం మారిపోతుంది. పాత కీ, క్లిప్పు చేతిలో పెట్టుకుని వెళ్ళడమే దారి.

పార్టు ఎంపిక: కౌంటర్‌లో నిజమైన పరీక్ష

‘హెచ్‌పీ ఫిఫ్టీన్’ అనో ‘ఇన్‌స్పిరాన్’ అనో చెప్తే ఏ పార్టూ కచ్చితంగా రాదు. అవి కుటుంబాల పేర్లు, ఒక్కో కుటుంబంలో పదుల మోడళ్ళుంటాయి. హెచ్‌పీకి అడుగున ఉండే ప్రోడక్ట్ నంబర్ చెప్పండి, భారత్‌లో అమ్మినవాటికి అది చాలావరకు ఏసీజే అని ముగుస్తుంది. డెల్‌కి ఏడక్షరాల సర్వీస్ ట్యాగ్, లెనోవోకి మెషీన్ టైప్ కావాలి. అన్నిటికన్నా నమ్మదగింది పాత కీబోర్డు వెనక స్టిక్కర్ మీది పార్ట్ నంబర్. కాబట్టి మంచి మెకానిక్ ముందు విప్పుతాడు, తర్వాత పార్టు తెప్పిస్తాడు. విప్పకుండానే ‘దొరుకుతుంది, డబ్బు కట్టండి’ అనే కౌంటర్‌లో తొందరపడొద్దు.

సరిచూసుకోవాల్సినవి నాలుగైదున్నాయి. రిబ్బన్ ఎక్కడనుంచి బయటికి వస్తుంది, ఎంత పొడుగు, ఎన్ని పిన్నులు. ఎంటర్ కీ అడ్డంగా పొడుగ్గా ఉందా, నిలువుగా ఎత్తుగా ఉందా. రెండోది యూరప్ రకం, మన ప్యానెల్ కంతకి పట్టదు. పక్కన అంకెల ప్యాడ్ ఉందా లేదా. ఇక చాలాసార్లు మర్చిపోయేది పవర్ బటన్. కొన్ని మోడళ్ళలో అది కీబోర్డులోనే ఒక కీగా ఉంటుంది, కొన్నిట్లో ప్యానెల్ మీద విడిగా ఉంటుంది. ఒకే మోడల్ పేరుతో రెండు రకాల కీబోర్డులూ మార్కెట్లో ఉంటాయి. బటన్ లేనిది వేస్తే ల్యాప్‌టాప్ ఆన్ చేసే దారే ఉండదు. కీబోర్డులో పవర్ బటన్ ఉన్న యంత్రం తనంతట తాను ఆన్ అవుతుంటే, అసలు ఆన్ కాకపోతే, మదర్‌బోర్డు అనే ముందు కీబోర్డు రిబ్బన్ తీసి చూడాలన్నది కూడా ఇందుకే.

బ్యాక్‌లైట్ గురించి అడుగుతూనే ఉంటారు. వెలుగుకి వేరే సన్నటి రిబ్బన్ ఉంటుంది, దానికి మదర్‌బోర్డు మీద వేరే సాకెట్ కావాలి. మీ ల్యాప్‌టాప్ మొదట్లో లైటు లేకుండా వచ్చి ఉంటే ఆ సాకెట్ బోర్డు మీద ఉండకపోవచ్చు. మూత తీశాక కళ్ళతో చూసి నిర్ణయించుకోవాలి. సాకెట్ లేకుండా లైటు కీబోర్డు వేయించుకుంటే ఎక్కువ డబ్బిచ్చి చీకటి కొనుక్కున్నట్టే.

ధరలు మోడల్‌ని బట్టి మారతాయి. అంచనాకి, లైటు లేని మామూలు కంపాటబుల్ (వేరేవాళ్ళు తయారుచేసిన, మీ మోడల్‌కి సరిపోయే) కీబోర్డు ఏడెనిమిది వందల నుంచి పదిహేను వందల దాకా ఉంటుంది, లైటుంటే ఇంకో అయిదొందలూ వెయ్యీ ఎక్కువ. బిగింపు కూలి వేరు. కంపాటబుల్ అంటే చెత్త అని కాదు. కీలన్నీ పనిచేస్తాయి, సంవత్సరాల తరబడి నడుస్తాయి. తేడా వేలికి తెలుస్తుంది: బుడిపె మెత్తగానో మరీ గట్టిగానో ఉంటుంది, వెనక రేకు పల్చన, అక్షరాల ముద్ర తొందరగా చెరుగుతుంది. రోజంతా టైప్ చేసేవాళ్ళు పాత ల్యాప్‌టాప్ నుంచి తీసిన ఒరిజినల్ దొరుకుతుందేమో అడగండి. దాన్ని ఎంచుకునేటప్పుడు స్పేస్, ‘ఎ’, ‘ఇ’ కీలు వెలుతురులో చూడండి. నున్నగా మెరుస్తుంటే బాగా వాడినది, ధర తగ్గించమనండి.

స్క్రూలా, రివెట్లా

థింక్‌ప్యాడ్ టీ480 లాంటి బిజినెస్ మోడళ్ళలో కీబోర్డు పైనుంచే వస్తుంది, మదర్‌బోర్డు కదపనక్కర్లేదు. పాత డెల్ లాటిట్యూడ్ ఈ-సిరీస్‌లో పై జాలీ ఫ్రేము ఊడదీసి, కొన్ని స్క్రూలు తీస్తే చేతిలోకి వచ్చేస్తుంది. ఇలాంటివి కౌంటర్‌లో అరగంటలో అయిపోతాయి. చేతిలో కాస్త నేర్పున్నవాళ్ళు పార్టు ఆన్‌లైన్‌లో తెప్పించుకుని ఇంట్లోనే వేసుకోవచ్చు. ముందు థింక్‌ప్యాడ్ బయాస్‌లో కాన్ఫిగ్, పవర్ కింద ఉండే ‘డిజేబుల్ బిల్ట్-ఇన్ బ్యాటరీ’ నొక్కి కరెంటు ఆపుకోవడం మాత్రం మరవకండి. చార్జర్ మళ్ళీ పెట్టేదాకా లోపలి బ్యాటరీ నిద్రపోతుంది.

ఇంటి వాడుకకి అమ్మే పల్చటి ల్యాప్‌టాప్‌లలో ఎక్కువభాగం రెండో రకం. అడుగు మూత తీసి, బ్యాటరీ, ఫ్యాన్, మదర్‌బోర్డు అన్నీ బయటపెడితే గాని కీబోర్డు వీపు కనిపించదు. అప్పుడు చూస్తే రేకు చుట్టూ, మధ్యలో కూడా పదుల కొద్దీ చిన్న నల్లటి ప్లాస్టిక్ చుక్కలుంటాయి. ప్యానెల్ నుంచి పైకి వచ్చిన పుల్లల్ని ఫ్యాక్టరీలో వేడితో నొక్కి పుట్టగొడుగుల్లా చదును చేస్తారు. వాటిని కోసి పాతది తీయడం తేలికే. కొత్తది పెట్టాక మిగిలిన మొండి పుల్లల్ని సోల్డరింగ్ ఐరన్‌తో మళ్ళీ కరిగించాలి. ప్లాస్టిక్ అప్పటికే తగ్గిపోయి ఉంటుంది, పట్టు అంతంత మాత్రం. కొందరు పట్టు కోసం గ్లూ గన్ జిగురు పోస్తారు. జిగురు ల్యాప్‌టాప్ వేడికి మెత్తబడుతుంది. కొన్నాళ్ళకి ‘జి’, ‘హెచ్’ కీల దగ్గర నొక్కితే కీబోర్డు లోపలికి దిగడం మొదలవుతుంది, టైప్ చేస్తుంటే పలక ఊగినట్టుంటుంది. రెండు గంటల పని చేసినవాళ్ళ తప్పు కాదిది, డిజైనే మార్చడానికి వీలుగా చేయలేదు.

అందుకే మా సలహా: ఈ రకానికి కీబోర్డు బిగించే వచ్చే సీ ప్యానెల్, పామ్‌రెస్ట్ అని కూడా అంటారు, అది మొత్తంగా వేయించుకోండి. విడి కీబోర్డుకి రెండు మూడు రెట్లు ఖరీదవుతుంది. కానీ ఫ్యాక్టరీ బిగింపు, గట్టి వీపు, కొత్త స్క్రూ గుంతలు వస్తాయి. హింజ్ దగ్గర పగుళ్ళుంటే అవీ పోతాయి. విడి కీబోర్డే వేయించక తప్పకపోతే జిగురు వద్దని, ప్రతి పుల్లా కరిగించమని, మధ్య వరసలు వదలొద్దని ముందే మాట్లాడుకోండి. చాలా మ్యాక్‌బుక్ ప్రో మోడళ్ళలోనైతే ఆపిల్ సర్వీసులో టాప్ కేస్ మొత్తం, దానికి అతికి ఉన్న బ్యాటరీతో సహా మారుస్తారు. బిల్లు చూసి ఉలిక్కిపడతాం, కానీ కొత్త బ్యాటరీ కూడా అందులోనే వస్తుందని లెక్కలో వేసుకోవాలి.

కంపెనీ సర్వీస్ సెంటర్ విషయం క్లుప్తంగా. వారంటీలో ఉంటే అటే వెళ్ళండి, మారుమాట లేదు. నీళ్ళో టీయో పడితే మామూలు వారంటీ వర్తించదు, యాక్సిడెంటల్ డ్యామేజ్ ప్లాన్ విడిగా కొని ఉండాలి. వారంటీ దాటాక కంపెనీ ధర ఎక్కువే. అయినా రివెట్ల రకం, రెండేళ్ళలోపు ల్యాప్‌టాప్ అయితే కంపెనీ కొటేషన్ కూడా తీసుకుని పోల్చండి. సీ ప్యానెల్ కౌంటర్ ధరకీ దానికీ తేడా అనుకున్నంత ఉండకపోవచ్చు.

ద్రవం పడితే

పవర్ బటన్‌ని పది సెకన్లు నొక్కి పట్టి ఆపేయండి, చార్జర్ పీకేయండి. తెరిచిన పుస్తకాన్ని బోర్లించినట్టు గుడారంలా పెట్టండి. అడుగున కీబోర్డు నీళ్ళు పోయే రంధ్రాలున్న థింక్‌ప్యాడ్‌లను మాత్రం బోర్లించకుండా అలాగే ఉంచాలి, నీళ్ళు ఆ దారినే కిందికి పోతాయి. హెయిర్ డ్రయ్యర్ వేడి బుడిపెల్ని వంకర చేస్తుంది. బియ్యంలో పెట్టడం వల్ల పిండి లోపలికి చేరడం తప్ప వేరే ఉపయోగం లేదు. అసలు ప్రమాదం లోపలి బ్యాటరీ. ఆపేసినా బోర్డు మీద కరెంటు ఉంటుంది, తడి మీద కరెంటు ఉంటే బోర్డు మీది రాగిని తినేస్తుంది. కాబట్టి అదేరోజు మూత విప్పించి బ్యాటరీ కనెక్టర్ తీయించడమే ముఖ్యం. పంచదార వేసిన టీ, కూల్‌డ్రింకు పడితే ఆరాక కూడా జిగురు మిగులుతుంది. కీబోర్డు ఈ వారం పనిచేసి వచ్చే నెల పోతుంది. బోర్డు శుభ్రం చేయించకుండా కీబోర్డు మాత్రం మార్పించుకోవడం అరకొర పని.

రిపేరు దాకా నెట్టుకురావాలంటే విండోస్‌లో, మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే పవర్‌టాయ్స్‌లోని కీబోర్డ్ మేనేజర్‌తో పోయిన కీ పనిని వాడని కీకి, కుడి ఆల్ట్‌కో మరో దానికో, అప్పగించొచ్చు. తనంతట తాను పడే కీని డిజేబుల్ చేయొచ్చు. లాగిన్ తెర మీద మాత్రం అది పనిచేయదు. అక్కడ కూడా కావాలంటే షార్ప్‌కీస్ అనే ప్రోగ్రామ్ వాడండి, అది మార్పుని విండోస్ రిజిస్ట్రీలోనే రాస్తుంది. పాస్‌వర్డులోని అక్షరమే పోతే లాగిన్ తెర మీద కింద కుడిమూల యాక్సెసిబిలిటీ గుర్తు నొక్కి తెర మీది కీబోర్డు తెరవండి. పది కీలు ఒకేసారి పిచ్చిగా కొట్టుకుంటుంటే సాఫ్ట్‌వేర్‌తో ఆగదు, డివైస్ మేనేజర్‌లో తీసేసినా రీస్టార్ట్‌కి తిరిగొస్తుంది. లోపలి రిబ్బన్ ఊడదీసి యూఎస్‌బీ కీబోర్డు వాడుకోవాలి.

కౌంటర్ దగ్గర నిలబడి చూడాల్సింది

ఇచ్చే ముందు డేటా బ్యాకప్, బిట్‌లాకర్ (డిస్కుకి విండోస్ వేసే తాళం) రికవరీ కీ నలభై ఎనిమిది అంకెలూ ఫోన్‌లోనో కాగితం మీదో ఉంచుకోండి. మదర్‌బోర్డు కదిపినప్పుడు విండోస్ అది అడిగే అవకాశముంది. పాస్‌వర్డు చెప్పనక్కర్లేదు, కీబోర్డు పరీక్షకి బయాస్, లాగిన్ తెర చాలు.

పనిలో అన్నిటికన్నా నాజూకైన క్షణం రిబ్బన్ తీయడం. సాకెట్ మీద నల్లదో తెల్లదో గోరంత రెక్క ఉంటుంది. చాలావాటిలో దాన్ని పైకి లేపితే రిబ్బన్ దానంతట అదే వదులవుతుంది. లేపకుండా లాగినా, రెక్కని బలంగా విరిచినా సాకెట్ పోతుంది, అప్పుడు వెయ్యి రూపాయల పని మదర్‌బోర్డు పనిగా మారుతుంది. కొత్తది పెట్టినప్పుడు రిబ్బన్ మీది అడ్డగీత సాకెట్ అంచుకి సమంగా ఉండాలి. వంకరైతే కొన్ని కీలు పడవు, అప్పుడే ‘పార్టు డిఫెక్టు’ అనే మాట వస్తుంది. స్క్రూలు బిగించకముందే, రివెట్లు కరిగించకముందే, రిబ్బన్ తగిలించి ఆన్ చేసి అన్ని కీలూ చూపించమనండి. కొత్త కీబోర్డులో కూడా పాతవే కీలు పోయి ఉంటే లోపం మదర్‌బోర్డు వైపుంది, పార్టు వాపసు ఇచ్చేయొచ్చు. ఈ ఒక్క అభ్యర్థనకి విసుక్కోని కౌంటరే మంచి కౌంటర్ అని మా అభిప్రాయం.

బిగించాక ఇంగ్లిష్ అక్షరాలన్నీ, అంకెలన్నీ, రెండు షిఫ్టులూ విడివిడిగా, స్పేస్‌ని రెండు చివర్లలో కూడా కొట్టండి. తెలుగు ఇన్‌స్క్రిప్ట్‌లో ‘అమ్మ’ ఒకసారి కొట్టండి, ‘డి’, షిఫ్ట్, ‘సి’ మూడూ అందులోనే తేలిపోతాయి. మధ్యలో వేలితో గట్టిగా నొక్కి ప్యానెల్ దిగుతోందేమో చూడండి. బ్యాక్‌లైట్ మెట్లు, క్యాప్స్ దీపం, టచ్‌ప్యాడ్, వేలిముద్ర, పవర్ బటన్ చూశాక చార్జర్ పెట్టి బ్యాటరీ శాతం పెరుగుతోందో లేదో చూడండి. మూత మూసి తెరిచి, తెర మీద కీల అచ్చు పడలేదని చూసుకోండి. పాత కీబోర్డు అడిగి తీసుకోండి, దాని కీలు, క్లిప్పులు రేపు అక్కరకొస్తాయి. బిల్లు మీద పార్ట్ నంబరు, వారంటీ ఎన్ని నెలలో చేత్తో రాయించుకుని, స్క్రూలన్నీ తిరిగి వచ్చాయో లేదో అడుగు తిప్పి చూసి బయల్దేరండి.